బొటనవేలి మొదట్లో కీలు అరుగుదల: స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవారు ఉంటే చెప్పండి

సుగుణ_పాలకొల్లు
అందరికీ నమస్కారం. నా వయసు 57. ఇంట్లోనే జాకెట్లు, లంగాలు కుడతాను. కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర, చాలా కాలంగా నొప్పి. కత్తెరతో మందం బట్ట కోసినా, తాళం తిప్పినా, తడి బట్టలు పిండినా ప్రాణం లాగేస్తుంది. పచ్చడి సీసా మూత తియ్యాలంటే ఇంకొకరిని పిలవాలి. ఎక్స్‌రే చూసి ఎముకల డాక్టరు గారు బొటనవేలి మొదటి కీలు అరిగిందని, మూడో దశ అని చెప్పారు. జెల్ రాశాను, మాత్రలు వేసుకున్నాను, అంతంత మాత్రమే. ఇప్పుడు కీలులోకే స్టిరాయిడ్ ఇంజెక్షన్ వేద్దామంటున్నారు. నాకు షుగరు ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. స్టిరాయిడ్ అనే మాట వినగానే మా అబ్బాయి వద్దే వద్దంటున్నాడు, ఎముకలు గుల్లబారతాయట. శ్రావణమాసం పెళ్లిళ్ల కుట్టు పని ఒప్పుకున్నాను. వేయించుకున్నవారు ఎవరైనా ఉంటే ఎన్నాళ్లు పనిచేసిందో, ఇబ్బందులేమైనా వచ్చాయో చెప్పండి.

బంటుమిల్లి_బాబాయి
మీ అబ్బాయి మాట వినమ్మా. మా ఊళ్లో ఒకాయన మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పొడి రెండేళ్లు మింగాడు. మొదట్లో పరుగులు తీశాడు. తర్వాత ముఖం ఉబ్బింది, పొట్ట పెరిగింది, షుగరు వచ్చింది, చివరికి తుంటి ఎముక దెబ్బతింది. పరీక్ష చేయిస్తే అందులో స్టిరాయిడ్ ఉందన్నారు. ఆ మందు జోలికి పోవద్దు. ఆవనూనె కాచి రాసుకుని వేడినీళ్ల కాపడం పెట్టుకోండి.

శర్మ_మందులషాపు
బాబాయి గారూ, మీరు చెప్పినది నిజమే. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ కలిపి అమ్మేవాళ్లు ఉన్నారు. నలభై ఏళ్లు మందుల షాపులో కూర్చున్నవాణ్ణి, అలాంటి ముఖాలు చాలా చూశాను. కానీ అది నోటి ద్వారా, ఎంత మోతాదో తెలియకుండా, నెలల తరబడి ఒళ్లంతా పాకిన మందు. సుగుణమ్మ గారికి వేస్తామంటున్నది ఒక చిన్న కీలులోకి, తెలిసిన మోతాదులో, ఒక్కసారి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఈ ఇంజెక్షన్లలో వాడే ట్రయామ్సినలోన్ అనే స్టిరాయిడ్ మోకాలికి 40 మిల్లీగ్రాములు వేస్తే, బొటనవేలి మొదట్లో సాధారణంగా 10 నుంచి 20 మధ్య. అంతకు మించి ఆ కీలులో చోటే ఉండదు, ఒక మిల్లీలీటరు ద్రవం పట్టడమే కష్టం. కొంత మందు రక్తంలోకి వెళుతుంది, అందుకే షుగరు ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. ఒక ఇంజెక్షన్‌తో ఒంట్లో ఎముకలు గుల్లబారవు.

ఇది ఆ ఇంజెక్షన్‌కు భయపడనక్కరలేదని చెప్పడానికి మాత్రమే. అది పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి, తీరిగ్గా రాస్తాను.

లలిత_డాలస్
సుగుణ గారూ, నాకు ఎడమచేతికి వేశారు. అల్ట్రాసౌండ్ తెర మీద కీలు చూస్తూ, బొటనవేలిని ముందుకు లాగి పట్టుకుని, సన్నటి సూదితో వేశారు. సూది గుచ్చినప్పటికంటే మందు లోపలికి ఎక్కుతున్నప్పుడు బాధ ఎక్కువ. మందుతోపాటు మత్తుమందు కలుపుతారు కాబట్టి ఆ సాయంత్రం నొప్పి అసలు లేదు. రాత్రికి మత్తు దిగాక ముందున్న దానికంటే ఎక్కువగా సలిపింది, మర్నాడు కూడా. దీన్ని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. ఐస్ పెట్టుకున్నాను. వారం తిరిగేసరికి హాయి.

మొదటిది ఆ వేసవి అంతా గడిపించింది. రెండోది అందులో సగం కాలం కూడా రాలేదు. మూడోది వద్దని నేనే అనుకున్నాను, ఆపరేషన్‌కు వెళ్లాను. దాని సంగతి అడిగితే రాస్తాను. నా మట్టుకు మొదటి ఇంజెక్షన్ వేయించుకున్నందుకు విచారం లేదు.

చేతి_ఫిజియో_విజయవాడ
ఇంజెక్షన్ గురించి మాట్లాడే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. బొటనవేలి వైపు మణికట్టు నొప్పి అంతా కీలు అరుగుదల కాదు. అక్కడే పక్కన బొటనవేలిని కదిలించే రెండు స్నాయువులు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు, ఒక తొడుగు లోంచి వెళతాయి. ఆ తొడుగు వాస్తే దాన్ని డి క్వెర్వెన్ జబ్బు అంటారు. పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకు ఎక్కువగా వస్తుంది, కుట్టుపని వాళ్లకూ వస్తుంది. అక్కడ స్టిరాయిడ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, చాలామందికి ఒకటి రెండింటితోనే తగ్గుతుంది. “మా వదినకు ఒక్క సూదితో పూర్తిగా పోయింది” అనే కథల్లో చాలా భాగం ఈ జబ్బువే అని నా అనుమానం.

సుగుణ గారూ, బొటనవేలిని గుప్పిట్లో ముడిచి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచండి. మణికట్టు పక్కన చురుక్కుమంటే స్నాయువు మీద అనుమానం. అలాకాక, బొటనవేలి మొదలు ఎముకను పట్టుకుని లోపలికి నొక్కుతూ తిప్పినప్పుడు గరగరలాడి నొప్పి పుడితే కీలు మీద అనుమానం. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. ఈ పరీక్ష మీ డాక్టరు గారు చేసే ఉంటారు, అయినా అడగండి. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని కాదు. మీ వయసులో ఆడవాళ్ల చేతులు ఎక్స్‌రే తీస్తే నొప్పి లేనివాళ్లలో కూడా అరుగుదల కనిపిస్తుంది.

సుగుణ_పాలకొల్లు
డాక్టరు గారు రెండోది చేశారండీ, నొక్కి తిప్పారు. కేక పెట్టాను. మీరు చెప్పిన మొదటిది ఇప్పుడే చేసి చూశాను, కొంచెం లాగినట్టు ఉంది కానీ చురుక్కుమనలేదు. బొటనవేలి మొదట్లో చిన్న గూడలా ముందుకు పొడుచుకొచ్చింది కూడా.

చేతి_ఫిజియో_విజయవాడ
అయితే కీలే. ఆ గూడ అరచేతి ఎముక మొదలు కొద్దిగా పక్కకు జరగడం వల్ల వస్తుంది. ఈ కీలు గుర్రం జీను ఆకారంలో ఉంటుంది. అన్ని వైపులా తిరగడానికి వీలుగా ఉండటం వల్లే స్థిరత్వం తక్కువ, నిలిపి ఉంచే పని అంతా ఎముకలను కట్టి ఉంచే తాళ్లలాంటి బంధకాల మీద పడుతుంది. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలో ఈ అరుగుదల బాగా ఎక్కువ. ఇంకో సంగతి: వేలి కొసలతో ఒక కిలో బలంతో చిటికె పట్టు పడితే, మొదటి కీలు మీద పడే ఒత్తిడి సుమారు 12 కిలోలు. 1977లో కూనీ, చావో అనే ఇద్దరు లెక్క కట్టి చూపించారు. కత్తెరతో మందం గుడ్డ కోసేటప్పుడు మీ కీలు ఎంత మోస్తోందో ఊహించుకోండి.

శర్మ_మందులషాపు
మాట ఇచ్చిన ప్రకారం రాస్తున్నాను. 2004లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఇదే కీలు, ఇదే జబ్బు, 40 మంది. సగం మందికి ట్రయామ్సినలోన్, సగం మందికి పోల్చి చూడటానికి మందు లేని ఉప్పునీళ్లు. ఎవరికి ఏది వేశారో వాళ్లకు తెలియదు. 24 వారాల తర్వాత చూస్తే రెండు గుంపులకూ తేడా లేదు. ఆ తర్వాత వచ్చిన మరికొన్నింటిలోనూ ఇంచుమించు ఇదే కథ. అందుకే యూరప్ కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన సూచనల్లో, చేతి కీళ్ల అరుగుదలకు స్టిరాయిడ్ ఇంజెక్షన్ మామూలుగా వాడవద్దని, వేళ్ల కణుపుల దగ్గరి కీళ్లు బాగా నొప్పి ఉంటే మాత్రం ఆలోచించవచ్చని రాశారు. బొటనవేలి మొదలు ఆ మినహాయింపులోకి రాదు.

మరి మన దగ్గర ఎందుకు ఇంత విరివిగా వేస్తున్నారు? రెండు నిమిషాల పని, రోగికి ఏదో చేశారన్న తృప్తి. నా మాట కటువుగా ఉంటే మన్నించండి.

ఎముకల_డాక్టర్_గుంటూరు
శర్మ గారి మాట కటువుగానే ఉంది, కానీ ఆయన చెప్పిన ప్రయోగం నిజమే. దానికి రెండు విషయాలు కలపాలి. ఒకటి, అందులో వాడినది 5 మిల్లీగ్రాములు, చాలా తక్కువ మోతాదు. చేరినవాళ్లు ఓ మోస్తరు నుంచి బాగా ముదిరిన జబ్బు ఉన్నవాళ్లు. రెండు, 24 వారాల దగ్గర తేడా లేదంటే నాలుగో వారం దగ్గర ఎవరికీ ఉపశమనం కలగలేదని అర్థం కాదు. ఈ ఇంజెక్షన్ ఆరు నెలలు పనిచేస్తుందని నేను ఏ రోగికీ చెప్పను. కొన్ని వారాలు, అదృష్టం బాగుంటే కొన్ని నెలలు.

అమెరికా వాళ్ల సూచనలు కూడా చూడండి. అక్కడి కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం 2019లో చేతి కీళ్లకు స్టిరాయిడ్ ఇంజెక్షన్‌ను షరతులతో సమర్థించింది. అదే పత్రంలో బొటనవేలి మొదటి కీలుకు పట్టీ కట్టడాన్ని ఏ షరతూ లేకుండా గట్టిగా సమర్థించింది. సూది కంటే పట్టీకే ఎక్కువ మార్కులు పడ్డాయన్నమాట. ఈ సంగతి మన రోగులకు చెబితే సగం మంది “పట్టీ ఎందుకండీ, ఇంజెక్షన్ వేసేయండి” అంటారు. తప్పు ఎప్పుడూ డాక్టర్లదే కాదు.

శర్మ_మందులషాపు
డాక్టరు గారూ, మోకాలి ప్రయోగం సంగతి కూడా మీరే చెప్పండి. నేను చెబితే మళ్లీ కటువు అంటారు.

ఎముకల_డాక్టర్_గుంటూరు
చెబుతాను. 2017లో అమెరికాలో వచ్చింది. మోకాలు అరిగిన 140 మందికి రెండేళ్లపాటు మూడు నెలలకోసారి ఇంజెక్షన్లు. సగం మందికి ట్రయామ్సినలోన్ 40 మిల్లీగ్రాములు, మిగతావారికి ఉప్పునీళ్లు. నొప్పిలో తేడా లేదు, స్టిరాయిడ్ వేసినవాళ్లలో మృదులాస్థి, అంటే కీలులో ఎముకల కొసల మీద ఉండే నున్నటి పొర, కాస్త ఎక్కువ అరిగింది. అది మోకాలు, ఇది బొటనవేలు. అయినా క్యాలెండరు చూసి మూడు నెలలకోసారి వేయించుకునే అలవాటు మంచిది కాదని దాన్నుంచి నేను తీసుకున్నాను. ఏడాదికి మూడు నాలుగు మించకూడదని చాలామంది అంటారు, నేనైతే అంత దాకా కూడా వెళ్లను. మొదటిది సరిగ్గా కీలులో పడి కూడా నెల రోజులు నిలవకపోతే రెండోదాని మీద నాకు ఆశ ఉండదు.

“సరిగ్గా కీలులో పడి” అనడానికి కారణం ఉంది. ఈ కీలు సందు చాలా సన్నం, మూడో దశలో ఇంకా సన్నం, అంచుల్లో ఎముక పెరిగి అడ్డం వస్తుంది. చూడకుండా వేస్తే సూది పక్కన పడే అవకాశం తక్కువేమీ కాదు. అల్ట్రాసౌండ్ గానీ, ఆపరేషన్ గదిలో ఉండే ఎక్స్‌రే తెర గానీ ఉన్నచోట వేయించుకోండి. మత్తుమందు కలిపినప్పుడు మొదటి గంటలో చిటికె పట్టి చూడండి. ఆ గంటలో కూడా నొప్పి తగ్గకపోతే మందు కీలులో పడలేదు, లేదా నొప్పి ఆ కీలుది కాదు. ఈ కబురు మీ డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

రవి_కరీంనగర్
నాది మంగలి పని, కత్తెర పట్టకపోతే రోజు గడవదు. నాకు వేసిన చోట కొన్ని వారాల తర్వాత చర్మం తెల్లబడింది. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా, లోపలికి గుంట పడినట్టు. షాపుకు వచ్చినవాళ్లంతా బొల్లి అనుకుని అడిగేవారు. నొప్పి తగ్గింది కానీ ఈ మచ్చ గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఇది పోతుందా?

ఎముకల_డాక్టర్_గుంటూరు
రవి గారూ, మందు కొంచెం చర్మం కిందికి ఊరితే ఇలా అవుతుంది. ట్రయామ్సినలోన్ లాంటి నెమ్మదిగా కరిగే మందులతో ఎక్కువ. మన చామనఛాయ చర్మం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామందిలో నెలలు గడిచేకొద్దీ రంగు తిరిగి వస్తుంది, కొద్దిమందిలో మిగిలిపోతుంది. మీకు ముందే చెప్పి ఉండాల్సింది. అంటువ్యాధి కాదని, బొల్లి కాదని అడిగినవాళ్లకు ధైర్యంగా చెప్పండి.

శర్మ_మందులషాపు
చర్చకు సంబంధం లేకపోయినా ఒక మాట. ఈ ట్రయామ్సినలోన్‌ను 1950లలో తయారుచేసి అమ్మకానికి తెచ్చిన సంస్థల్లో అమెరికాలోని లెడర్లే ఒకటి. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు నడిపిన చోటు అది. ఆయన 1948లోనే పోయారు కాబట్టి ఇందులో ఆయన చెయ్యి లేదు. ఆ సంస్థ పేరు చూసినప్పుడల్లా ఆగి ఒక దండం పెట్టుకోవడం నా అలవాటు.

నిర్వాహకుడు
దండం పెట్టాక విషయానికి వద్దాం. సుబ్బారావు గారి మీద విడిగా చర్చ మొదలుపెడితే నేనూ వస్తాను.

సుగుణ_పాలకొల్లు
ఇంత వివరంగా చెబుతున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. షుగరు సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది?

మాణిక్యం_టీచర్
నేను షుగరు మనిషినే, భుజానికి వేయించుకున్నాను. మర్నాడు పరగడుపున చూసుకుంటే కళ్లు తిరిగినంత పని అయింది, అలవాటైన అంకెకు చాలా దూరంలో ఉంది. నాలుగైదు రోజుల్లో మెల్లగా దిగింది. అన్నం తగ్గించి, నీళ్లు ఎక్కువ తాగి, డాక్టరు గారికి ఫోను చేసి చెప్పాను. మాత్ర పెంచాల్సిన పని పడలేదు. ఇన్సులిన్ వేసుకునే మా తోడికోడలికి మాత్రం మోతాదు సర్దారు. ఇంట్లో షుగరు చూసుకునే మిషను లేకుండా వెళ్లకమ్మా.

ఎముకల_డాక్టర్_గుంటూరు
మాణిక్యం గారు చెప్పినట్టే. బొటనవేలికి మోతాదు తక్కువ కాబట్టి పెరుగుదల కూడా సాధారణంగా తక్కువే. అయినా ఒక వారం పరగడుపున, భోజనం తర్వాత చూసుకోండి. మూడు నెలల సగటు షుగరు పరీక్ష బాగా ఎక్కువగా ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకుని తర్వాతే ఇంజెక్షన్. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. చేతి మీద పుండు, చీము, ఒంట్లో జ్వరం ఉంటే వాయిదా వేయాలి. వేయించుకున్న తర్వాత మొదటి ఒకటి రెండు రోజుల సలుపు మామూలే. అది తగ్గకుండా రోజురోజుకూ పెరిగి, కీలు ఎర్రబడి, జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టడం చాలా అరుదు, పడితే ఆలస్యానికి చోటు ఉండదు.

బంటుమిల్లి_బాబాయి
స్టిరాయిడ్ బదులు జెల్ ఇంజెక్షన్ అని వేస్తున్నారట కదా, ఖరీదు కూడా ఎక్కువ. అది మంచిది కాదా? ఆవనూనె గురించి ఎవరూ ఏమీ అనలేదు!

శర్మ_మందులషాపు
ఆ జెల్ ఇంజెక్షన్ అంటే హైలురోనిక్ ఆమ్లం. డాక్టరు గారు చెప్పిన 2019 పత్రంలోనే బొటనవేలి మొదటి కీలుకు దాన్ని వద్దనే వైపు రాశారు. ఖరీదు ఎక్కువైతే గుణం ఎక్కువ కాదు బాబాయి గారూ. కీళ్లకని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలు కూడా వద్దన్నారు. అవి నా షాపులో ఎన్ని అమ్ముడయ్యాయో చెబితే నాకే సిగ్గు. ఆవనూనె వల్ల కీలు బాగుపడదు. కాపడం వల్ల హాయిగా ఉంటుంది, పెట్టుకోవచ్చు. కాపడం మీద కాకుండా వేరే వేళ నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ రాస్తే ఇంకా నయం.

లలిత_డాలస్
ఆపరేషన్ గురించి ఇద్దరు విడిగా అడిగారు, ఇక్కడే రాస్తున్నాను. బొటనవేలి మొదట్లో, మణికట్టులో ఉండే ట్రపీజియం అనే చిన్న ఎముక అరిగితే దాన్ని పూర్తిగా తీసేశారు. ఆ ఖాళీలో నా ముంజేతి స్నాయువు ముక్కనే చుట్టి పెట్టారు. కొన్ని వారాలు కట్టు, తర్వాత పట్టీ, తర్వాత వ్యాయామం. బొట్టు పెట్టుకోవడం, జడ వేసుకోవడం తొందరగానే వచ్చాయి. కుక్కరు మూత తిప్పే బలం రావడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పుడు నొప్పి లేదు, చిటికె బలం మాత్రం కుడిచేతికి ఉన్నంత లేదు. ఎముక తీసేస్తారంటే మా అమ్మ ఏడ్చింది. నాకు ఆ ఎముక గుర్తే రాదు.

ఎముకల_డాక్టర్_గుంటూరు
దీనికి ఒక ముఖ్యమైన చేర్పు. ఆపరేషన్ ఆలోచన ఉంటే స్టిరాయిడ్ ఇంజెక్షన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య కనీసం మూడు నెలలు ఎడం ఉండాలి. లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. “ఇప్పుడు సూది వేయించుకుని వచ్చే నెల ఆపరేషన్” అనేది కుదరదు.

చేతి_ఫిజియో_విజయవాడ
ఇంజెక్షన్ వేశాక మా దగ్గరకు ఎవరూ రారు, నొప్పి తిరిగొచ్చాక వస్తారు. నొప్పి లేని ఆ కొద్ది వారాలే వ్యాయామానికి సరైన సమయం. నొప్పి పోయింది కదా అని పేరుకుపోయిన పని అంతా ఆ వారాల్లోనే చేసేస్తే కీలు ఇంకా నలుగుతుంది. సుగుణ గారూ, పెళ్లిళ్ల కుట్టు కోసం ఇంజెక్షన్ వేయించుకుంటాననడంలో నన్ను భయపెట్టేది స్టిరాయిడ్ కాదు, ఆ పెళ్లిళ్లు.

పట్టీ గురించి: మణికట్టు దాకా చుట్టే లావుపాటి సాగే పట్టీ కాదు. బొటనవేలి మొదటి కీలును కదలకుండా పట్టి, వేలి కొసను వదిలేసేది కావాలి. చేతి కొలతకు వేడిచేసి వంచే ప్లాస్టిక్‌తో చేసి ఇస్తాము. ఫ్రాన్స్‌లో 112 మంది మీద చేసిన ప్రయోగం 2009లో వచ్చింది. రాత్రిపూట పట్టీ కట్టుకుని పడుకున్నవాళ్లకు మొదటి నెలలో పెద్ద తేడా లేదు, ఏడాది నిండేసరికి నొప్పి, పని ఇబ్బంది రెండూ తగ్గాయి. కాబట్టి వారం కట్టి పారేయకండి.

కుట్టుపనికి: స్ప్రింగు ఉండి దానంతట అదే తెరుచుకునే కత్తెర తీసుకోండి. మందం బట్టలు కోయడం ఎవరికైనా అప్పగించండి. గుండుసూదులు గుచ్చి పట్టే బదులు క్లిప్పులు వాడండి. సూదికి లావుపాటి పట్టు ఉంటే చిటికె బలం తక్కువ పడుతుంది. బట్టలు పిండేటప్పుడు మెలితిప్పకుండా కుళాయికి చుట్టి రెండు చేతులతో లాగండి. జంతికల గొట్టం తిప్పుడుది అయితే పక్కన పెట్టి, అరచేతులతో నొక్కేది వాడండి. చూపుడువేలు, బొటనవేలు కలిపి ‘సున్నా’ చేసి, బొటనవేలి మధ్య కణుపు లోపలికి కుంగకుండా గుండ్రంగా నిలిపి ఉంచడం మొదటి వ్యాయామం. నొప్పి లేనంతవరకే.

రవి_కరీంనగర్
స్ప్రింగు కత్తెర మాట బాగుంది. మా పనికి పనికొచ్చేవి, వేళ్ల రంధ్రం వంపుగా ఉండేవి కూడా దొరుకుతున్నాయి. బొటనవేలు అంత దూరం చాపనక్కరలేదు. తెప్పించుకుంటాను.

సుగుణ_పాలకొల్లు
మా అబ్బాయికి ఇదంతా చదివించాను. పట్టీ కొలత ఇవ్వడానికి విజయవాడ వెళుతున్నాం. మూడు నెలల సగటు షుగరు పరీక్ష ఇచ్చాను. అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తారా అని మా డాక్టరు గారిని అడిగితే, భీమవరంలో ఆ సౌకర్యం ఉన్నచోటికి రాసిస్తానన్నారు. నాలుగు జాకెట్లు మాత్రం ఉంచుకుని మిగతావి మా చెల్లెలికి ఇచ్చేశాను. ఆవిడ కత్తిరిస్తుంది, నేను మిషను తొక్కుతాను.

పద్మ_నెల్లూరు
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నా బొటనవేలు పొద్దున్నే వంగి ఇరుక్కుపోతుంది, లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. నాదీ అరుగుదలేనా? నాకూ ఈ ఇంజెక్షనేనా?

చేతి_ఫిజియో_విజయవాడ
కాదు పద్మ గారూ, వినడానికి ట్రిగ్గర్ వేలులా ఉంది. అరచేతి వైపు స్నాయువు తొడుగు బిగుసుకోవడం. దానికీ స్టిరాయిడ్ ఇంజెక్షనే వేస్తారు, కానీ చోటు వేరు, ఫలితం కూడా దీనికంటే మెరుగు. షుగరు, థైరాయిడ్ ఉన్నాయో లేదో రాసి కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిస్తే చదివేవాళ్లకు గందరగోళం.